‘మాట పడిపోవడం’ నుంచి ‘భాషానష్టం’ దాకా: పక్షవాతానంతర వాక్చికిత్స చరిత్రలో తెలుగు స్థానం

కీలక పదాలు: పక్షవాతం, భాషానష్టం, వాక్చికిత్స, ద్విభాషిత్వం, తెలంగాణ మాండలికం, వృత్తి పదజాలం

ఉపోద్ఘాతం

పక్షవాతం సోకిన మనిషి గురించి తెలుగువారు రెండు మాటలు చెప్పుకుంటారు: ‘కాలూ చెయ్యీ పడిపోయాయి’, ‘మాట పడిపోయింది’. రెండింటికీ క్రియ ఒక్కటే. చెయ్యి ఒక అవయవం అయినట్లే మాట కూడా ఒక అవయవం అన్న భావన ఈ నుడికారంలో ఉంది. వినడానికి సహజంగా ఉన్న ఈ ప్రయోగం వైద్యపరంగా వేర్వేరైన మూడు స్థితులను ఒకే ముడిలో కడుతున్నది. నాలుక, పెదవుల కండరాలు బలహీనపడి మాట ముద్దగా రావడం ఒకటి. కండరాలలో బలం ఉన్నా ఉచ్చారణకు కావలసిన కదలికల వరుస తప్పిపోవడం రెండవది. మాటను వెతికి పట్టుకోవడం, వాక్యాన్ని కూర్చడం, ఎదుటివారి మాటను అర్థం చేసుకోవడం దెబ్బతినడం మూడవది. ఈ మూడవదాన్నే వైద్యులు ‘అఫేసియా’ అంటారు. ఈ వ్యాసంలో దానిని ‘భాషానష్టం’ అని వ్యవహరిస్తున్నాను. పక్షవాతం వచ్చినవారిలో సుమారు మూడింట ఒక వంతు మంది మొదటి రోజుల్లో ఏదో ఒక మేరకు దీనికి లోనవుతారన్నది వైద్యగ్రంథాలు సాధారణంగా చెప్పే లెక్క.

ఈ మూడింటిని వేరు చేయడమే వాక్చికిత్స చరిత్రలో ప్రధాన ఘట్టం. ఆ చరిత్రను తెలుగు నేల దాకా అనుసరించి, భాషానష్ట చికిత్సకు రోగి సొంత భాషే పనిముట్టు అనీ, ఆ పనిముట్టును సిద్ధం చేయడంలో తెలుగు శాఖలకు బాధ్యత ఉందనీ నిరూపించడం ఈ వ్యాసం ఉద్దేశం.

సంహితల పరిశీలన

మన ప్రాచీన వైద్యం ఈ రోగాన్ని గమనించకపోలేదు. చరకసంహిత చికిత్సాస్థానం పక్షవధాన్ని వర్ణిస్తూ, వాయువు శరీరంలో కుడి పక్షాన్నిగాని ఎడమ పక్షాన్నిగాని దెబ్బతీసి, కదలికను ఆపి, నొప్పినీ వాక్‌స్తంభాన్నీ కలిగిస్తుందని చెప్పింది. సుశ్రుతసంహిత నిదానస్థానం కఫంతో కూడిన వాయువు శబ్దవాహినులైన ధమనులను కప్పివేయడం వల్ల మనిషి మూకుడు, మిన్మిణుడు, గద్గదుడు అవుతాడని వివరించింది. అసలు మాట లేకపోవడం, ముక్కుతో పలకడం, తడబడుతూ పలకడం అన్న ఈ విభజన ధ్వని లక్షణాన్ని ఆధారం చేసుకున్నది. మాట ఎలా వినిపిస్తున్నదన్నదే అందులో ప్రధానం. లోపల మాట ఎలా కూడుతున్నదన్న ప్రశ్న అక్కడ లేదు.

ఆ ప్రశ్న మన సంప్రదాయంలో వైద్యంలో కాక వ్యాకరణ దర్శనంలో కనబడుతుంది. భర్తృహరి వాక్కును పశ్యంతి, మధ్యమ, వైఖరి అని విభజించాడు. చెవికి వినబడే వైఖరి వేరు, బుద్ధిలో వరుసగా కూడే మధ్యమ వేరు. ముద్దమాట వైఖరికి తగిలిన దెబ్బ అయితే, భాషానష్టం మధ్యమకు తగిలిన దెబ్బ అని పోలిక చెప్పవచ్చు. ఇది పోలిక మాత్రమే. భర్తృహరి రోగలక్షణాల గురించి రాయలేదు. అయితే వైద్యులకూ వైయాకరణులకూ మధ్య పడని వంతెన ఎక్కడుందో ఇది చూపుతుంది.

పారిస్ నుంచి యాకోబ్సన్ దాకా

చరకుడు కుడి, ఎడమ పక్షాలు రెండింటినీ పేర్కొన్నాడు గాని వాక్‌స్తంభాన్ని వాటిలో ఒకదానితో ముడిపెట్టలేదు. ఆ ముడి 19వ శతాబ్దంలో పడింది. 1861లో పారిస్ శస్త్రవైద్యుడు పాల్ బ్రోకా ‘టాన్’ అన్న ఒక్క ధ్వనిని తప్ప దాదాపు మరేదీ పలకలేని రోగి మరణానంతరం అతని మెదడును పరీక్షించి, ఎడమ అర్ధగోళపు ముందు భాగంలో గాయాన్ని చూపాడు. అలాంటి మరిన్ని సందర్భాలను పరిశీలించి, 1865 నాటికి భాషకు ఎడమ అర్ధగోళం ముఖ్యమన్న నిర్ణయానికి వచ్చాడు. శరీరం కుడి పక్కను నడిపేది కూడా ఎడమ అర్ధగోళమే కనుక, కుడి చేయి పడిపోయినవారిలోనే మాట పోవడం ఎక్కువగా కనబడుతుంది. 1874లో కార్ల్ వెర్నికే దీనికి భిన్నమైన స్థితిని వర్ణించాడు. అందులో రోగి ధారాళంగా మాట్లాడతాడు. కాని ఆ మాటలకు పొందిక ఉండదు, ఎదుటివారు చెప్పింది అతనికి అందదు. మాట్లాడుతున్నంత మాత్రాన భాష నిలిచి ఉన్నట్లు కాదని దీనితో తేలింది.

ఆ కాలంలోనే ఇంగ్లండు నాడీవైద్యుడు హ్యూలింగ్స్ జాక్సన్ మరో భేదాన్ని గుర్తించాడు. ఒక విషయాన్ని చెప్పడానికి అప్పటికప్పుడు కూర్చుకునే మాట వేరు, అలవాటుగా దొర్లిపోయే మాట వేరు. తన ఊరి పేరు చెప్పలేని మనిషి వారాల పేర్లు వరుసగా అప్పజెప్పగలడు, తిట్టగలడు, దేవుణ్ణి తలచుకోగలడు. ఇంటివారు దీన్ని చూసి ‘కావాలనే మాట్లాడడం లేదు’ అని అపార్థం చేసుకోవడం నేటికీ జరుగుతున్నది.

రెండు ప్రపంచ యుద్ధాలలో తలకు గాయమైన సైనికులు చికిత్సను ఒక వృత్తిగా మార్చారు. సోవియట్ మనోవైజ్ఞానికుడు లూరియా యుద్ధకాలపు అనుభవంతో 1947లో గాయజనిత భాషానష్టంపై గ్రంథం ప్రచురించాడు. పోయిన సామర్థ్యాన్ని నేరుగా తిరిగి రప్పించడం కంటె, మిగిలిన సామర్థ్యాలను కొత్తగా కూర్చి అదే పనిని మరో దారిలో సాధించాలన్నది అతని మార్గం. భాషాచికిత్సకు శ్రద్ధ, జ్ఞాపకం, ఆలోచనల సాధనను జోడించే నేటి పద్ధతికి అదొక మూలం.

తెలుగు సాహిత్య విమర్శకు రోమన్ యాకోబ్సన్ పేరు కొత్త కాదు. రూపకానికీ లక్షణకూ మధ్య అతడు గీసిన గీతను మన విమర్శకులు తరచుగా వాడుతున్నారు. ఆ గీత పుట్టింది భాషానష్ట రోగుల పరిశీలన నుంచేనన్నది అంతగా గుర్తుండదు. 1956లో వెలువడిన వ్యాసంలో అతడు భాషానష్టాన్ని రెండు రకాలుగా విభజించాడు. సమాన పదాలలో ఒకదాన్ని ఎంచుకునే శక్తి పోవడం ఒకటి, పదాలను పక్కపక్కన కూర్చే శక్తి పోవడం రెండవది. మొదటి రకం రోగికి సాదృశ్యం అందదు, రెండవ రకం రోగికి సాన్నిహిత్యం అందదు. కవిత్వాన్ని విప్పిచెప్పే పరికరం ఆసుపత్రి మంచం దగ్గర రూపుదిద్దుకున్నది. ఆ ఋణాన్ని తీర్చే అవకాశం భాషాసాహిత్య శాఖలకు ఇప్పుడున్నది.

మైసూరు, సికింద్రాబాద్, ఒక చట్టం

భారతదేశంలో వాక్చికిత్స విశ్వవిద్యాలయ స్థాయి విద్యగా 1960లలో మొదలైంది. 1965లో మైసూరులో అఖిల భారత వాక్‌శ్రవణ సంస్థ ఏర్పడింది. తరువాతి దశాబ్దాలలో బొంబాయి కేంద్రంగా ఉన్న జాతీయ శ్రవణవైకల్య సంస్థకు సికింద్రాబాద్‌లో ప్రాంతీయ కేంద్రం రావడంతో తెలుగు ప్రాంతంలోనే ఈ విద్య అందుబాటులోకి వచ్చింది. మైసూరు సంప్రదాయంలో ప్రతిభా కారంత్ పాశ్చాత్య భాషానష్ట పరీక్షమాలను కన్నడానికి అనుసరించారు. కన్నడ లిపి చదివేవారిలో పఠనశక్తి ఎలా దెబ్బతింటుందో కూడా ఆమె పరిశోధించారు. గుణింతాలు, ఒత్తులు గల మన లిపికి ఆ పరిశోధన దగ్గరి బంధువు. తరువాత తెలుగులోనూ ఆ పరీక్షమాలకు రూపం వచ్చింది.

చట్టం ఈ మార్పును ఆలస్యంగా గుర్తించింది. 1995 నాటి వికలాంగుల చట్టం ఏడు వైకల్యాలను పేర్కొన్నది. వాటిలో వాగ్భాషా వైకల్యం లేదు. పక్షవాతంలో చెయ్యి పోయినవాడు చట్టం దృష్టిలో వికలాంగుడు కాగలిగాడు, భాష మాత్రమే పోయినవాడు కాలేకపోయాడు. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం వైకల్యాల సంఖ్యను 21కి పెంచి, అఫేసియాను పేరు పెట్టి పేర్కొంటూ వాగ్భాషా వైకల్యాన్ని చేర్చింది. ప్రయోజనాలలో చాలావాటికి కనీసం 40 శాతం వైకల్యం ధ్రువపడాలి. అంటే భాషాపరీక్షలో వచ్చే అంకెకు ఒక కుటుంబం బతుకుతో సంబంధం ఏర్పడింది. ఆ పరీక్ష ఏ తెలుగులో జరుగుతున్నదన్న ప్రశ్న అందువల్ల పరిశోధకుల గది దాటి వచ్చింది.

హైదరాబాద్ అధ్యయనాలు

ఈ చరిత్రకు తెలుగు ప్రాంతం తన వంతుగా ఇచ్చిన పెద్ద కానుక ద్విభాషిత్వ పరిశోధన. హైదరాబాద్ నిజామ్స్ వైద్యవిజ్ఞాన సంస్థలో సువర్ణ అల్లాడి బృందం, ఉస్మానియా భాషాశాస్త్ర శాఖకు చెందిన దుగ్గిరాల వసంత, ఎడిన్‌బరోకు చెందిన థామస్ బాక్ తదితరులతో కలిసి 2013లో ఒక అధ్యయనాన్ని ప్రచురించింది. మతిమరుపు వ్యాధికి లోనైన 648 మందిని పరిశీలించగా, ఒకే భాష మాట్లాడేవారి కంటె రెండో భాష కూడా మాట్లాడేవారిలో వ్యాధి సగటున 4.5 సంవత్సరాలు ఆలస్యంగా మొదలైనట్లు తేలింది. నిరక్షరాస్యులలోనూ ఆ తేడా కనబడింది. పాశ్చాత్య దేశాలలో ద్విభాషిత్వం చాలావరకు వలసతోనో చదువుతోనో ముడిపడి ఉంటుంది. బడికి వెళ్లకుండానే తెలుగు, దక్కనీ రెండూ మాట్లాడేవారు హైదరాబాద్‌లో తరతరాలుగా ఉన్నారు. అందువల్ల చదువు ప్రభావాన్నీ భాషల ప్రభావాన్నీ విడదీసి చూడడం ఇక్కడ సాధ్యమైంది. ఆసఫ్‌జాహీల పాలనలో పెరిగిన బహుభాషా జీవనం ఈ విధంగా వైద్యవిజ్ఞానానికి ఆధారమైంది.

అదే బృందం 2016లో పక్షవాత రోగులపై మరో అధ్యయనాన్ని వెలువరించింది. 608 మందిలో, పక్షవాతం తరువాత కూడా మేధాశక్తి మామూలుగా నిలిచినవారు ద్విభాషులలో 40.5 శాతం, ఏకభాషులలో 19.6 శాతం. కాని భాషానష్టం కలిగినవారి నిష్పత్తిలో చెప్పుకోదగ్గ తేడా లేదు. ద్విభాషులలో అది 11.8 శాతం, ఏకభాషులలో 10.5 శాతం. తరువాత వచ్చిన మరో హైదరాబాద్ అధ్యయనం, భాషానష్టం వచ్చినవారిలో దాని తీవ్రత ద్విభాషులలో తక్కువగా ఉన్నట్లు చూపింది. ఈ ఫలితాలను కలిపి చదవాలి. రెండు భాషల అలవాటు భాషానష్టాన్ని రాకుండా ఆపలేదు. కాని ఒక భాషను ఎంచుకుంటూ మరొకదాన్ని అణచి ఉంచే నిత్యసాధన శ్రద్ధనూ నియంత్రణనూ బలపరచి, కోలుకోవడానికి తోడ్పడుతున్నదని పరిశోధకులు భావిస్తున్నారు. ఇతర దేశాల అధ్యయనాలన్నీ ఇదే ఫలితానికి రాలేదన్నది గుర్తుంచుకోవలసిన విషయం. అయినా భాషాచికిత్సనూ మేధాచికిత్సనూ విడదీయరాదన్న లూరియా మార్గానికి ఇక్కడి జీవితం నుంచి ఆధారం దొరికింది.

పరీక్ష ఏ తెలుగులో?

హైదరాబాద్‌కు తూర్పున విజయవాడ రహదారి, బాహ్య వలయ రహదారి కలిసేచోట ఉన్న పెద్ద అంబర్‌పేట్‌ను ఉదాహరణగా తీసుకుందాం. ఒకప్పుడు వ్యవసాయ గ్రామం, తరువాత పురపాలక పట్టణంగా మారింది. పాత కాపుదనపు కుటుంబాలు, నల్లగొండ దారిలో వచ్చి స్థిరపడినవారు, కోస్తా జిల్లాలవారు, ఉర్దూ, హిందీ మాట్లాడేవారు అక్కడ ఇరుగుపొరుగుగా ఉంటున్నారు. ఆ ఊరి ముసలి రైతు ఒకాయనకు పక్షవాతం వచ్చి మాట పోయిందని ఊహించండి. చికిత్సకురాలు ఒక బొమ్మ చూపి ‘ఇదేమిటి?’ అని అడుగుతుంది. ఆయన ‘అంగి’ అంటాడు. జవాబుల పట్టికలో ‘చొక్కా’ అని ఉంది. మరో బొమ్మకు ఆయన ‘పల్లికాయ’ అంటాడు. పట్టికలో ‘వేరుసెనగ’ ఉంది. మొక్కజొన్న కంకిని ‘మక్కలు’ అంటాడు. ఈ జవాబులు తప్పులు కావని ఆ ప్రాంతం తెలిసినవారికి వెంటనే తెలుస్తుంది. కాని అంకెలు వేసేది పట్టికను బట్టి అయితే, మాండలికం రోగలక్షణమైపోతుంది.

పదాల కంటె వ్యాకరణంలో ఈ ప్రమాదం ఎక్కువ. ‘ఏం చేసినవు?’ అని అడిగితే ఆయన ‘నేను తిన్న’ అంటాడు. తెలంగాణ వ్యవహారంలో అది ఉత్తమ పురుష ఏకవచనపు పూర్ణ వాక్యం. ప్రమాణ భాషలో ‘తిన్న’ అనేది ‘తిన్న మనిషి’లో వచ్చే క్రియాజన్య విశేషణం. ప్రమాణ భాషను మాత్రమే ఎరిగిన పరీక్షకుడికి అది ప్రత్యయం జారిపోయిన వాక్యంగా, అంటే వ్యాకరణలోప లక్షణంగా కనబడుతుంది. ఆరోగ్యవంతుడి భాషనే రోగం కింద లెక్కగట్టడం ఇది. తప్పు రెండో దిక్కునా జరగవచ్చు. రోగి నిజంగా ప్రత్యయం వదిలేసినా, మాండలికమనుకొని ఊరుకోవచ్చు.

ఆంగ్ల పరీక్షల నమూనా వల్ల వచ్చే చిక్కులు వేరు. ఆంగ్లంలో సహాయక క్రియలు, ఉపపదాలు రాలిపోయి తంతివార్తలా మిగిలే మాటను భాషానష్టపు ముఖ్య లక్షణంగా గుర్తిస్తారు. తెలుగులో ‘ఇది మా ఇల్లు’ అన్నది క్రియ లేకుండానే పూర్ణ వాక్యం. ‘తిన్నావా?’, ‘పండు తిన్నాడు’ అన్న వాక్యాలలో కర్త లేకపోవడం, అచేతన కర్మకు ‘ని’ లేకపోవడం లోపాలు కావు. తంతివార్తలాంటి పొదుపు మన వాక్యానికి సహజం. మరోవైపు ఆంగ్ల క్రియ ప్రత్యయాన్ని వదిలేసినా ఒక పదంగా మిగులుతుంది. తెలుగు క్రియ సమాపకరూపంలో ఆ పురుష, వచన, లింగ ప్రత్యయాలు అంత సులువుగా ఊడవు. కాబట్టి తెలుగు రోగిలో ప్రత్యయ లోపం కంటె ప్రత్యయాల తారుమారు కోసం వెతకాలి. ‘ఆమె వచ్చిండు’ అన్నది ఏ మాండలికంలోనూ కుదరని వాక్యం. అలాంటివే మనకు నమ్మదగిన లక్షణాలు. పునరుచ్చారణ పరీక్షకు ఆంగ్లంలో సముచ్చయ పదాలను పేర్చిన ఒక చిన్న పదబంధాన్ని వాడతారు. మన సముచ్చయాలు చాలావరకు పదాంత దీర్ఘాలు, ప్రత్యయాలు కనుక ఆ అంశం అనువాదానికి లొంగదు, కొత్తగా కూర్చుకోవలసిందే. ఒక అక్షరంతో మొదలయ్యే పదాలు చెప్పమనే పరీక్ష అక్షరం ఎరుగనివారి ముందు అర్థం లేనిది. జంతువుల పేర్లు చెప్పమంటే వారూ చెప్పగలరు. మేధాశక్తి పరీక్షలలో ఈ వివేకం ఇప్పటికే మొదలైంది. ఏడెన్‌బ్రుక్ పరీక్షను తెలుగు, ఉర్దూ సహా ఏడు భాషలలో ప్రామాణీకరించిన అధ్యయనం 2020లో వెలువడింది.

వృత్తి పదకోశం, లయ

చికిత్సలో పదాలను తిరిగి రప్పించడానికి చేసే సాధన సరళంగానే ఉంటుంది. వస్తువును చూపి, అది దేనికి పనికివస్తుందో, ఎక్కడ ఉంటుందో అడుగుతారు. రాకపోతే తొలి ధ్వనిని అందిస్తారు. అదీ చాలకపోతే ఒక వాక్యాన్ని సగం చెప్పి వదులుతారు. రోగికి రోజూ అవసరమైన, జీవితంతో పెనవేసుకున్న పదాలను ఎంచుకోవడం ఇందులో ముఖ్యం. ఇలాంటి చికిత్స పనిచేస్తుందా అన్న సందేహానికి 2016 నాటి కాక్రేన్ సమీక్ష 57 ప్రయోగాలను, 3002 మంది రోగుల సమాచారాన్ని పరిశీలించి, సంభాషణలోనూ చదవడం, రాయడంలోనూ మేలు కనబడుతున్నదని సమాధానమిచ్చింది.

మరి ఆ పదాలు ఎక్కడ దొరుకుతాయి? మనకు ఒక సిద్ధ నిధి ఉంది. భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమి ప్రచురించిన మాండలిక వృత్తి పదకోశంలో 1962లో వ్యవసాయ పదాలు, 1971లో చేనేత పదాలు వెలువడ్డాయి. జిల్లాలవారీగా వాడుకను నమోదు చేసిన ఆ సంపుటాలను మనం నిఘంటువులుగా, మాండలిక పరిశోధనకు ఆధారాలుగా మాత్రమే చూశాం. నాగలి, కాడి, మేడి, కర్రు అన్న పదాలు జీవితమంతా దున్నిన మనిషికి చేతి కదలికతో కలిసి ఉంటాయి. పెద్ద అంబర్‌పేట్‌కు అంత దూరం కాని పోచంపల్లి నేతగాడికి పడుగు, పేక, నాడె, కండె, ఆసు అన్నవీ అలాంటివే. బల్ల మీద పరచిన బొమ్మల చీటీలలో ఏనుగు, విమానం ఉండి ఈ పదాలు లేకపోతే, రోగి వద్ద మిగిలి ఉన్న ధనాన్ని మనం అడగకుండా వదిలేసినట్లే.

రెండవ నిధి ఛందస్సు. మాట్లాడలేనివారు పాడగలగడాన్ని ఆధారం చేసుకొని 1973లో బోస్టన్ పరిశోధకులు స్వరచికిత్సను ప్రవేశపెట్టారు. ఆంగ్ల వాక్యంలోని ఊనికను స్వరంగా మార్చి పలికించడం దాని పద్ధతి. 2011లో జర్మనీలో జరిగిన ఒక అధ్యయనం స్వరం కంటె లయకు, బాగా అలవాటైన మాటలకు ఎక్కువ పాత్ర ఉన్నట్లు చూపింది. తెలుగులో అర్థాన్ని మార్చే పదగత ఊనిక లేదు. మన లయ గురులఘువుల మీద, మాత్రల మీద నడుస్తుంది. కనుక ఆ చికిత్సను తెలుగుకు తెచ్చేటప్పుడు ఊనికను అనుకరించడం కంటె, ‘నీళ్లు కావాలె’, ‘ఇంటికి పోదాం’ వంటి నిత్యావసర వాక్యాలను మాత్రల గతిలో, చేతితో తాళం వేస్తూ పలికించడం సహజమని నా ప్రతిపాదన. బతుకమ్మ ఆటలో చప్పట్ల లయకు అలవాటుపడిన స్త్రీలకు అది కొత్తగా నేర్పవలసిన విద్య కాదు. ఈ ప్రతిపాదనకు విలువ ఉందో లేదో తేల్చవలసింది చికిత్సకులతో కలిసి చేసే పరీక్ష మాత్రమే.

ముగింపు

సంహితాకారులు వాక్‌స్తంభాన్ని గుర్తించారు, బ్రోకా, వెర్నికేలు దానికి మెదడులో చోటు చూపారు, యాకోబ్సన్ దానిలో భాషానిర్మాణాన్ని చదివాడు, హైదరాబాద్ పరిశోధకులు రెండు భాషల జీవనానికి వైద్యపరమైన విలువ కట్టారు, చట్టం 2016లో దానిని వైకల్యంగా అంగీకరించింది. ఈ వరుసలో తరువాతి అడుగు తెలుగు శాఖలది. మాండలిక రూపాలను ఒప్పు జవాబులుగా గుర్తించే పట్టికలు, వృత్తులవారీ పదచిత్రాలు, తెలుగు వాక్యస్వభావం నుంచి పుట్టిన పరీక్షాంశాలు, నిరక్షరాస్యులకు తగిన సాధనలు సిద్ధం చేయడానికి కావలసిన జ్ఞానం మన వద్ద ఉంది. దానిని సంచికలలో దాచుకోవడం కంటె చికిత్సాలయం గుమ్మం దాటించడం అవసరం.

పక్షవాతం మొదలైన తొలి గంటలలో రోగిని ఆసుపత్రికి చేర్చాలని అందరం చెబుతున్నాం. రక్తపు గడ్డను కరిగించే మందుకు 4.5 గంటల గడువు ఉంది. ఆ గడువు ముగిశాక నెలల తరబడి సాగే పనిలో మందు పాత్ర తక్కువ, మాట పాత్ర ఎక్కువ. ‘నేను తిన్న’ అని చెప్పగలిగిన రైతుకు ఆ వాక్యం పూర్తిగానే వచ్చిందని చెప్పగలిగేవారు ఆయన ఎదుట ఉండాలి. అది చెప్పగలగడానికి వైద్యంతో పాటు తెలుగు కూడా తెలిసి ఉండాలి.